దూరాల దొర దుకాణంలో టార్చి

పొద్దున ఎనిమిదింటికి టార్చిల దుకాణం షట్టరు లేస్తుంది. మొదట సగమే లేస్తుంది. యజమాని ఒంగి లోపలికి దూరి, నడుం పట్టుకుని ఓ నిమిషం మూలిగి, మిగతా సగం లోపలి నుంచి ఎత్తుతాడు. మొత్తం బయటి నుంచే ఎత్తొచ్చు కదా అని ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాడు. నీ పని నువ్వు చూసుకో అని ఈయన ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. ఆ ఇద్దరి స్నేహం అంతకు మించి ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు.

తర్వాత కౌంటరు తుడుస్తాడు. చార్జింగులో ఉన్న టార్చీలను వైర్ల నుంచి విడదీసి వరసగా నిలబెడతాడు. ఎక్కువ దూరం వెలుగు కొట్టేది ముందు, తక్కువ దూరం కొట్టేది చివర. మనుషుల్ని కూడా ఆయన అలాగే చూస్తాడని, దూరం నుంచి వచ్చినవాళ్లకు కుర్చీ వేసి పక్కింటివాళ్లను నిలబెడతాడని వీధిలో ఒక మాట ఉంది. అందుకే ఆయన్ని దూరాల దొర అంటారు. ముఖం మీద అనరు. వీపు వెనక అంటే ఆయనకు వినబడుతుంది, వినబడితే ఆయనకు సంతోషమే.

టార్చి కొనేవాళ్లు దాన్ని వెనక గదిలోకి కొట్టి చూడాలి. అది ఆ దుకాణం పద్ధతి. కౌంటరు వెనక తలుపు లేని గుమ్మం ఒకటి ఉంది. గుమ్మం అవతల గది. ఆ గదికి ఎదురు గోడ లేదు. వెనక సందులోకి వెళ్లి చూస్తే ఇటుక గోడా, దాని మీద ఎవరో ఆరేసిన దుప్పటీ కనిపిస్తాయి. ఆరడుగుల గదికి మించి అక్కడ చోటు లేదు. లోపలి నుంచి చూస్తే మాత్రం అంతు లేదు. పగటి వెలుతురు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పమన్నట్టు అక్కడే ఆగిపోతుంది. దీపం పెడితే లోపలి గాలికి ఆరిపోతుంది. బయటి మాట లోపలికి పోతుందో లేదో తెలియదు గాని లోపలి మాట బయటికి రాదు. ఇందులో వింత ఏముందని వీధిలో ఎవరినైనా అడిగితే, మీ ఇంట్లో గదులన్నీ సరిగ్గా ఉన్నాయా అని ఎదురు అడుగుతారు.

కొనేవాళ్లు గుమ్మంలో నిలబడి మీట నొక్కుతారు. వెలుగు సన్నటి తీగలా పోతుంది, పోతుంది, ఎక్కడో అలిసిపోతుంది. ఏ టార్చి ఎక్కువ దూరం ఏమీ చూపించకపోతే అది మంచి టార్చి. ఈ లెక్కన ఊళ్లో ప్రతి ఇంట్లోనూ మైలు అవతల నీళ్ల ట్యాంకు మీద వాలిన కాకి ముక్కు చూపించే టార్చి ఉంది. సొంత ఇంటి తాళం కన్నం చూపించేది ఒక్కటీ లేదు. కరెంటు పోతే జనం మంచం కోళ్లకు పిక్కలు కొట్టుకుంటారు. కట్లు కట్టే కాంపౌండరు ఏటా దూరాల దొరకు ఒక కేలండరు తెచ్చి ఇస్తాడు. ఎందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఆ గదిలో ఒక మనిషి ఉన్నాడు.

దూరాల దొర అన్న. ఆ దుకాణంలో సరుకు చూసే మనిషి. ఇరవై రెండేళ్ల కిందట ఎవరో వచ్చి టార్చి సెల్లు కావాలంటే, "ఒక్క నిమిషం" అని గుమ్మం దాటాడు. సెల్లుల అట్టపెట్టె గుమ్మానికి దగ్గర్లోనే ఉండేది, టార్చి కూడా అక్కర్లేదనుకున్నాడు. కొనడానికి వచ్చిన ఆయన సాయంత్రం దాకా చూసి, ఈ దుకాణంలో మర్యాద లేదని తిట్టి వెళ్లిపోయాడు. దూరాల దొర అప్పటికి ముప్పై అయిదేళ్లవాడు. నడుముకు తాడు కట్టుకుని లోపలికి వెళ్లాడు. తాడు అయిపోయేదాకా తిన్నగా నడిచాడు, తిన్నగా వెనక్కి వచ్చాడు. మూడు రోజులు అలాగే చేశాడు. మూడు రోజులూ ఏడ్చాడు కూడా, ఇప్పుడడిగితే జలుబు అంటాడు. "అన్నయ్య చాలా దూరం వెళ్లిపోయాడు" అని తేల్చుకున్నది అప్పుడే. అంతకంటే దూరం పోయే టార్చి కోసం తయారీవాళ్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టిందీ అప్పుడే. దూరం పిచ్చి అలా పట్టింది. దాని గురించి సెలూన్ ఆయన కూడా వేళాకోళం చెయ్యడు.

ఆ మనిషి భార్య బట్టలు కుడుతుంది. రోజూ పన్నెండింటికి మిషను ఆపి, మెడలో టేపు అలాగే వేసుకుని దుకాణానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ రోజు సంగతులు చీకట్లోకి చెప్పి వెళుతుంది. సంగతులంటే ఎక్కువగా చీవాట్లే. నిన్న శుక్రవారం కూడా వచ్చింది.

"అమ్మాయి లిఫ్టు మీద ఎక్కి జారిందని చెప్పాను కదా. మోకాలి కుట్లు రేపు విప్పుతారట. చెబితే వినదు, మీ పోలికే. మీకేం, హాయిగా లోపల కూర్చున్నారు." ఇంకేదో చెప్పబోయి ఆగింది. "రేపట్నుంచి ఇక్కడ గోడ వస్తుందట" అంది. ముక్కు తుడుచుకుని వెళ్లిపోయింది.

గోడ సంగతి ఇది. పోయిన నెల మున్సిపల్ ఆఫీసు నుంచి కొలతలు తీసే ఆయన వచ్చాడు. వీధిలో ప్రతి దుకాణం పొడవూ వెడల్పూ ఫారంలో రాయాలి. వెనక గదిలోకి టేపు వదిలాడు. టేపు అయిపోయింది. ఇంకొకటి తెప్పించి ముడేశాడు. అదీ అయిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫారంలో మూడు అంకెలకే చోటుందని చెప్పాడు. "గోడ చూపించండి. లేకపోతే కట్టించండి. శనివారం సాయంత్రం వచ్చి చూస్తాను" అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. దూరాల దొర ఆ ఆఫీసు చుట్టూ తిరగని రోజు లేదు. ఏ బల్ల దగ్గరికి వెళ్లినా, అంతులేని గదికి వేరే ఫారం ఉంటుందేమో పక్క బల్ల దగ్గర అడగమన్నారు.

శనివారం వచ్చింది. పదింటికి మేస్త్రీ గుమ్మం మూసెయ్యడానికి ఇటుకలు దింపించి, సిమెంటు కలపడానికి నీళ్లడిగాడు. అదే సమయానికి కుట్లు విప్పించుకుని, కుంటుకుంటూ లిఫ్టుల మెకానిక్ వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ కూతురు. తండ్రి ఆ గుమ్మం దాటిన రోజు ఆమెకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు ముప్పై ఒకటి.

"బాబాయ్, గోడ ఆపలేవా?"

"ఆపగలిగితే ఈ ఇటుకలు ఎందుకమ్మాయ్, నా నెత్తిన కొట్టుకోవడానికా?" అన్నాడు దూరాల దొర. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలుబు అయి ఉంటుంది. "నిన్న కొత్తది వచ్చింది. ఇంత దూరం పోయేది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. దీంతో కనబడకపోతే ఇక..."

మాట పూర్తి చెయ్యకుండా కౌంటరు కింద నుంచి మోచెయ్యంత టార్చి తీశాడు. ముందు భాగం చిన్న బిందె మూతి అంత ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడి నొక్కింది. వెలుగు బాణంలా పోయింది. అది పోతూనే ఉంది. ఎక్కడో చాలా దూరాన, గోరంత చుక్కగా కూడా కాకుండా, పోయిందన్న అనుమానంగా మిగిలింది. అక్కడ ఎవరూ లేరు. మేస్త్రీ కూడా తాపీ పక్కన పెట్టి తొంగి చూశాడు.

"అబ్బో" అన్నాడు. "ఎంత దూరం ఏమీ లేదో!"

ఆమె టార్చి ఆర్పి కౌంటరు మీద పెట్టింది. తర్వాత అరచేత్తో కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో, "సరే. నాకు పనికి ఒక టార్చి కావాలి" అంది.

"పోయినసారి ఇచ్చింది ఏమైంది?"

"లిఫ్టు గుంతలో పడింది. దాని వెనకే నేనూ పడ్డాను. బాబాయ్, నీ టార్చి ఇరవై అంతస్తుల పైన సాలెగూడు చూపించింది. నా కాలి కింద నూనె చూపించలేదు."

"సాలెగూడు అంత పైన కనబడిందా?" దూరాల దొర ముఖం ఒక్క క్షణం వెలిగి, వెంటనే సిగ్గుపడింది.

ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. ఒకటి దొర్లిపోతుంది, బల్ల మీద నిలవదు. ఒకటి చేతి తొడుగులతో నొక్కితే మీట పలకదు. ఒకటి తలకు కట్టుకునేది, బాగానే ఉంది గాని తల తిప్పిన చోటికే వెలుగు తిరుగుతుంది, చేత్తో పట్టుకుని సందులో దూర్చడానికి కుదరదు. ఒకటి నొక్కగానే టపటపా కొట్టుకుంటుంది.

"ఇదెందుకు?"

"దొంగల కళ్లు బైర్లు కమ్మడానికి."

"లిఫ్టు పైన దొంగలెవరుంటారు బాబాయ్, పావురాలు తప్ప?"

చివరికి వరసలో ఆఖరున, దుమ్ము పట్టి ఉన్న దాన్ని తీసింది. బెత్తెడు పొడవు, బొటనవేలి కంటే కాస్త లావు. అడుగున అయస్కాంతం ఉంది, ఇనప బల్లకు ఠక్కున అంటుకుంది. జేబుకు తగిలించుకునే పట్టీ ఉంది. మూతి తిప్పితే వెలుగు వెడల్పు అవుతుంది, ఇంకోవైపు తిప్పితే సన్నమవుతుంది. మూడు మెట్లుగా తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నీళ్లలో పడినా ఫరవాలేదట. ఆమె దాన్ని అరచేతి మీదికి వెలిగించి చూసింది. వెలుగు అంచు గీత గీసినట్టు తెగిపోకుండా మెత్తగా చీకట్లో కలిసిపోయింది.

"ఇది."

"అది వద్దమ్మాయ్. రెండేళ్ల నుంచి ఒక్కటీ అమ్ముడుపోలేదు. అన్ని పనులూ చేసేది ఏ పనీ సరిగ్గా చెయ్యదు. వంద గజాలు దాటి పోదు."

"నేను నిలబడే చోటు గజం కూడా ఉండదు బాబాయ్."

"నీ ఇష్టం. అయితే గదిలోకి కొట్టి చూడు." అలవాటు కొద్దీ అనేసి నాలిక కరుచుకున్నాడు. దాన్ని ఆ గదిలోకి కొట్టడమంటే ఆయనకు పరువు తక్కువ. కాని పద్ధతి పద్ధతే. గోడ లేస్తే ఇంకెవరూ కొట్టి చూడరు కూడా.

ఆమె గుమ్మంలోకి వెళ్లింది. లిఫ్టు గుంతలో దిగేవాళ్లకు ఒక వరస ఉంది. టార్చి వెయ్యగానే ముందు కాళ్ల దగ్గర చూడాలి. తర్వాత ఎడమ గోడ, కుడి గోడ. అన్నీ అయ్యాకే పైకి. పని నేర్పిన గురువు నెత్తిన మొట్టి మరీ నేర్పాడు, ఇప్పుడు చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. ఇన్నేళ్లలో ఏటా ఒక కొత్త టార్చి పట్టుకుని ఆమె ఆ గుమ్మానికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కూతురిగా వచ్చింది, కూతురి కళ్లు దూరాన్నే చూశాయి. మెకానిక్‌గా రావడం అదే మొదలు.

మూతి తిప్పి వెడల్పు పెట్టి, నొక్కింది. ముందు కాళ్ల దగ్గర.

వెలుగు నీళ్లు ఒలికినట్టు పరుచుకుంది. బెంచీ మీద పెద్దమనిషికి చోటిచ్చినట్టు చీకటి నాలుగు వైపులా వెనక్కి జరిగింది. అందరూ మొదటిసారి ఆ గది నేల చూశారు. నల్లరాతి నేల. అంత నున్నటి నేల మీద ఇన్నేళ్లలో దుమ్ము కూడా పడలేదు. అది అలా పోతూనే ఉంది, ఊళ్లన్నీ తెచ్చి పరిచినా ఇంకా మిగిలేటంత. దూరాల దొర గుమ్మం పట్టుకున్నాడు. ఇన్ని వేల టార్చీలు కొట్టించాడు, గదికి నేల ఉంటుందని ఆయనకు తట్టలేదు.

ఆమె చెయ్యి ఎడమ వైపు తిరిగింది.

అరిగిన చెప్పు. చెప్పులో పాదం. పాదం పైన మడిచిన మోకాలు. అట్టపెట్టె మీద కూర్చుని, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఒక మనిషి. పది అడుగుల దూరంలో.

మేస్త్రీ చేతిలో నీళ్ల చెంబు అలాగే ఒరిగిపోతూ ఉంది. ఆమె టార్చి మీట మీద నుంచి వేలు తియ్యకుండా గుమ్మం దాటింది.

అడుగు చప్పుడు కాలేదు. వెలుగు కాళ్ల దగ్గరే ఉంచుకుని నడిచింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి చూసింది. కప్పు లేదు. చుక్కలూ లేవు. పైన, పక్కన, చుట్టూ ఏదో చాలా పెద్దది, చాలా పాతది, ఆమెను ఏమీ అనకుండా నిలబడి దారి ఇచ్చినట్టు ఉంది. వందల గుంతల్లో దిగిన మనిషి, అయినా ఎక్కువసేపు చూడలేకపోయింది. తల దించుకుని మళ్లీ నేల చూసుకుంది. ఎనిమిది. తొమ్మిది. పది.

ఆయన చెయ్యి దించాడు. ముప్పై ఎనిమిదేళ్ల ముఖం. నల్లటి జుట్టు. ఇంట్లో ఫోటోలో ఉన్న చొక్కా.

"నాన్నా" అంది.

ఆయన ఆమెను కింద నుంచి పైకి చూశాడు. మోకాలి దగ్గర ఆగాడు.

"కుట్లు విప్పేశారా?" అన్నాడు.

ఆమె నేల మీద కూలబడింది. "నీకు వినబడుతుందా?"

"అంతా వినబడుతుంది. ఎటు నుంచో తెలియదు, అన్ని వైపుల నుంచీ వస్తుంది. నేను అరిస్తే మీకు వినబడదు. ఆకలి లేదు, నిద్ర లేదు. రోజూ మీ అమ్మ మాట, అంతే."

"ఇక్కడే ఉన్నావా? కదల్లేదా?"

"కనబడనిదే అడుగు ఎలా వేస్తాం? తప్పిపోతే ఉన్నచోటే ఉండాలి. అలాగే కూర్చున్నాను." ఆమె చేతిలో టార్చి చూశాడు. "ఇది ఎవరు చేశారు? నేల కనబడుతోంది."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తన చేతి కంటే అది పెద్దది కాదని, వయసులో ఏడేళ్లే ఎక్కువని ఆ క్షణాన గమనించి, గమనించనట్టు నడిపించుకొచ్చింది.

గుమ్మం దాటగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. దుకాణంలో పగలు అంత గట్టిగా ఉంది. మెల్లగా తెరిచి, ఎదురుగా ఉన్న బట్టతలను పోల్చుకోవడానికి కొంత సమయం తీసుకున్నాడు.

"ఏరా, ఇంత ముసలాడివయ్యావేంటి?"

"అన్నయ్యా" అన్నాడు యాభై ఏడేళ్ల దూరాల దొర, ముప్పై ఎనిమిదేళ్ల మనిషితో. "నీకోసమే అన్నయ్యా. ఏటేటా ఇంకా దూరం పోయేది తెప్పించాను."

"తెలుసురా. అన్నీ నా నెత్తి మీదుగానే పోయాయి, ఎటు నుంచి వచ్చేవో మాత్రం తెలిసేది కాదు. మొదట్లో గొంతెత్తి అరిచేవాడిని, కాస్త దించరా అని. తర్వాత తర్వాత చూస్తూ కూర్చోవడం అలవాటైంది. బాగుండేవి. అంత దూరం వెలుగు పోవడం నేనెక్కడా చూడలేదు."

దూరాల దొర ఇటుకల మీద కూర్చుని ఏడ్చాడు. ఈసారి జలుబు అనలేదు. సెలూన్ ఆయన చేతిలో కత్తెరతోనే రోడ్డు దాటి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. అక్కడ సెలూన్‌లో సగం జుట్టు కత్తిరించిన మనిషి కుర్చీలో తన వంతు కోసం ఓపిగ్గా ఎదురు చూశాడు.

"ఇంతకీ గోడ కట్టాలా వద్దా?" అన్నాడు మేస్త్రీ. ఆయనకే అనుమానమొచ్చి సిమెంటు బస్తా మూతి తిరిగి కట్టేశాడు.

పన్నెండయింది. బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపుతో మెట్లెక్కింది. రోజూ మాట్లాడే గుమ్మం వైపు నాలుగడుగులు వేసి, ఆగింది.

ఆయన ఆమెను చూశాడు. ఆమె ఆయన్ని చూసింది. వెంటనే రెండు చేతులూ ఎత్తి నెరిసిన జుట్టు మీద పెట్టుకుంది, వాన పడుతున్నట్టు. ఇరవై రెండేళ్లు ఒక్క రోజు మానకుండా మాట్లాడిన నోటికి ఒక్క మాట రాలేదు.

"ఇంటికి వెళదాం పద" అన్నాడాయన.

ముగ్గురూ వీధిలోకి దిగారు. వార్త వాళ్ల కంటే ముందే నడిచింది, దుకాణాలన్నీ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డాయి. ఇల్లు మూడు వీధుల అవతల. సెలూన్ దాటేసరికి ఆయన గడ్డం పెరిగింది. మలుపు తిరిగేసరికి చెవుల పక్క తెల్లబడింది. లోపల ఆగిన రోజులు బయట ఆగలేదు, ఒక్కొక్కటే వచ్చి ఆయన భుజాల మీద కూర్చుంటున్నాయి. ముందు చూసింది కూతురే.

"నాన్నా, ఆగు. వెనక్కి వెళదాం. గుమ్మం లోపల ఉంటే ఆగిపోతుందేమో." గొంతు చిన్నపిల్ల గొంతయింది. "నేనే లాక్కొచ్చాను. ఇలా అవుతుందనుకోలేదు."

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. దాని మీద నరాలు తేలుతున్నాయి. తిప్పి చూశాడు, ఎవరో ఎన్నాళ్లకో తెచ్చి ఇచ్చిన సొంత వస్తువులా.

"నడువమ్మా" అన్నాడు. "ఇవి నావే కదా."

రెండో వీధిలో తాళాలు చేసే ఆయన కొట్టు ఉంది. ఆయన తల వంచుకుని తాళంచెవి అరగదీస్తున్నాడు. పన్నెండేళ్ల కిందట ఆయన బట్టలు కుట్టే ఆవిడను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ సంగతి కూడా చీకట్లోకి చెప్పింది. వద్దంటే చెప్పండి అంది. వారం రోజులు ఆగింది. జవాబు రాలేదు. తాళాల ఆయనకు కుదరదని చెప్పేసింది.

ఆ కొట్టు ముందు ఆమె అడుగు తడబడింది.

"అదీ వినబడిందా?" ఆయన్ని చూశాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"వినబడింది. వద్దని అరిచాను. రెండు రోజులు అరిచాను."

ఆమె తల దించుకుంది.

"మూడో రోజు ఆలోచించాను. అప్పట్నుంచి సరే చేసుకో అని అరిచాను. వారం పూర్తయ్యేదాకా."

తాళాల ఆయన తల ఎత్తాడు. వీళ్లను చూసి, లేచి, చేతులు తుడుచుకుని, వాళ్లు దాటి పోయేదాకా నిలబడే ఉన్నాడు. వీధిలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరు నోరు తెరవలేదు. ఆ వీధి సంగతి తెలిసినవాళ్లకు గదికి గోడ లేకపోవడం కంటే అదే వింతగా తోస్తుంది.

మూడో వీధిలో ఆయన నడక నెమ్మదించింది. జుట్టంతా తెల్లబడింది. కళ్లు చికిలించి ఇంటి నంబరు చదవబోయి, కనబడక వదిలేశాడు. కూతురు ఒక పక్క పట్టుకుంది. ఇల్లు వచ్చేసరికి ఆయనకు సరిగ్గా అరవై.

గుమ్మం దగ్గర ఆయన ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, భార్య వైపు తిరిగాడు. ఆమె చేతులు ఇంకా జుట్టు మీదే ఉన్నాయి. కుట్టిన చొక్కా ఒంటి మీద ఎలా కూర్చుందో చూసే చూపుతో ఆయన్ని భుజాల నుంచి పాదాల దాకా, మళ్లీ పాదాల నుంచి తల దాకా చూసింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వదులు కాలేదు.

మెల్లగా చేతులు దించింది.

"సరిపోయారు" అంది.